పెరటి కోళ్ళకు పురుగుల మేత: గుప్పెడు పెట్టండి, గాదెకు దూరంగా పెంచండి

తొలకరి పడి ఉసిళ్ళు లేచిన సాయంత్రం పెరట్లో కోళ్ళను చూసే ఉంటారు. నూకలు చల్లితే తాపీగా ఏరుకునే కోడి ఉసిళ్ళు కనబడితే మాత్రం రెక్కలు విదిలించి పరుగు పెడుతుంది. తల్లికోడికి ఒక్క చెదపురుగు దొరికినా తాను మింగదు. కొక్కొక్కొ అని పిల్లల్ని పిలిచి వాటి ముందు పడేస్తుంది. పిల్లకు ఏది బలమో దానికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

మన పెద్దవాళ్ళకూ ఈ సంగతి తెలుసు. పాత కుండలో పశువుల పేడ, ఎండుగడ్డి తడిపి కుక్కి, చెదలున్న చోట బోర్లించేవాళ్ళు. మర్నాడు పొద్దున్నే ఆ కుండ తెచ్చి కోడిపిల్లల ముందు దులిపేవాళ్ళు. ఇప్పుడు చాలా ఇళ్ళలో పెరడు సిమెంటు అయింది. పేడకుప్ప ఊరి బయటికి పోయింది. పిల్లలకు మిగిలింది నూకలు. నూకలతో కడుపు నిండుతుంది గాని కండ పట్టదు. పొదిగిన పది పిల్లల్లో నాలుగు నెల తిరక్కుండానే వాలిపోతుంటే దిష్టి తగిలిందనో గాలి సోకిందనో అనుకుంటాం. గద్ద తన్నుకుపోయినవి, తెగులుతో పోయినవి తీసేస్తే, మిగతా వాటిలో బలంలేని మేత వల్ల నీరసించి పోయేవీ ఉంటాయి.

ఆ చెదల కుండకు బదులుగా ఇంట్లోనే ఒక తొట్టిలో తవుడు పోసి పెంచుకోదగిన పురుగు ఒకటుంది. దాని పేరు మీల్‌వార్మ్. బాపట్ల, రేపల్లె, తెనాలి చుట్టుపక్కల తవుడుకు కరువు లేదు గనుక ఈ పద్ధతి మనకు వీలైనదే. అయితే ముందే ఒక మాట. ఇది లక్షలు తెచ్చే వ్యాపారం కాదు. ఒక తొట్టి, ఒక పొదుగు పిల్లలు - అంతవరకే లెక్క వేసుకుని మొదలుపెట్టాలి.

ఏమిటీ పురుగు?

ఇది గింజలు, పిండి, తవుడు తిని బతికే ఒక పెంకు పురుగు పిల్ల. చల్లని దేశాల గోదాముల్లో, పిండి మరల్లో ఎక్కువగా కనబడుతుంది. పత్తికి, బొప్పాయికి పట్టే పిండినల్లికీ దీనికీ సంబంధం లేదు. మన ఇళ్ళలో పిండికి, రవ్వకు పట్టే చిన్న ఎర్రని పెంకు పురుగు దీనికి చుట్టమే గాని ఇది అంతకంటే చాలా పెద్దది.

దీని బతుకులో నాలుగు దశలు ఉంటాయి. గుడ్డు కంటికి సరిగ్గా ఆనదు, తవుడు అంటుకుని తొట్టి అడుగున ఉంటుంది. వారం నుంచి రెండు వారాల్లో పిల్ల బయటికి వస్తుంది. అదే మనకు కావలసిన పురుగు. పసుపు రంగులో గట్టి చర్మంతో ఉండి, తిని తిని, చర్మం విడుస్తూ పెరుగుతుంది. మంచి వాతావరణంలో రెండున్నర, మూడు నెలలకు అంగుళం పొడవుకు వస్తుంది. తరువాత మేత మాని తెల్లని గూటి పురుగుగా, అంటే ప్యూపాగా మారుతుంది. దానికి కాళ్ళు కదలవు, నోరు ఉండదు, తోక మాత్రం ఆడిస్తుంది. ఒకటి రెండు వారాల్లో అది పెంకు పురుగు అవుతుంది. మొదట తెల్లగా, తరువాత గోధుమ రంగుగా, చివరకు నల్లగా మారుతుంది. ఈ పెంకు పురుగు రెండు మూడు నెలలు బతికి కొన్ని వందల గుడ్లు పెడుతుంది.

గింజకు పట్టే పురుగును పనిగట్టుకుని పెంచడమేమిటి అని ఆశ్చర్యపోవద్దు. వరిలో కాండం తొలుచు పురుగు, ఆకుముడత గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా కార్డులు మీలో కొందరు వాడే ఉంటారు. ఆ కార్డుల మీద ఉండేవి కార్సైరా అనే బియ్యపు రెక్కల పురుగు గుడ్లే. జీవ నియంత్రణ ప్రయోగశాలల్లో జొన్న, సజ్జ నూకల మీద దాన్ని పనిగట్టుకుని పెంచుతారు. పట్టుదారం తీశాక మిగిలే పట్టుపురుగుల ప్యూపాలను ఎండబెట్టి కోళ్ళ మేతలో, చేపల మేతలో కలపడం కూడా పాత పద్ధతే. కనుక పురుగును మేత చేయడం మనకు కొత్త కాదు. ఈ పురుగు ఒక్కటే కొత్త.

బల్లులు నేర్పిన పాఠం

మీల్‌వార్మ్ పెంపకాన్ని విదేశాల్లో ఇళ్ళలోకి తెచ్చినవాళ్ళలో బల్లులు పెంచేవాళ్ళు కూడా ఉన్నారు. మనం చీపురు పెట్టి తోలే బల్లి జాతినే అక్కడ గాజు పెట్టెల్లో ముద్దుగా పెంచుతారు. చిరుతపులి మచ్చల్లాంటి మచ్చలున్న లెపర్డ్ గెకో అనే నేల బల్లి అందులో పేరున్నది. దానికి బతికున్న పురుగే మేత కావాలి. అందుకని ఇంట్లో ఒక డబ్బాలో తవుడు పోసి ఈ పురుగులు పెంచుకోవడం వాళ్ళకు అలవాటైంది.

వాళ్ళ అనుభవంలో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. పురుగు బలమైనదే కదా అని అదొక్కటే పెడుతూ పోతే బల్లి ఎముకలు మెత్తబడతాయి. కాళ్ళు వంకరపోతాయి, దవడ సాగిపోతుంది. కారణం ఏమిటంటే ఈ పురుగులో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. మేతలో కాల్షియం చాలకపోతే ఒంటికి కావలసింది ఎముక నుంచే కరిగిపోతుంది. అందుకే వాళ్ళు పురుగును పెట్టేముందు ఒకటి రెండు రోజులు మంచి ఆకు, దుంప తినిపించి, కాల్షియం పొడిలో పొర్లించి మరీ పెడతారు. గుడ్డు పెట్టే కోడికి పెంకు కోసం కాల్షియం ఇంకా ఎక్కువ కావాలి. కనుక ఈ పాఠం మన కోళ్ళకు రెట్టింపు వర్తిస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. బల్లి పెంపకం అన్నాం గదా అని ఎవరూ అడవి బల్లుల జోలికి పోవద్దు. తిరుమల కొండల్లోని బంగారు బల్లి, ఈశాన్య రాష్ట్రాల టోకే బల్లి వంటివి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవాలు. పట్టినా అమ్మినా నేరమే. లక్షలు వస్తాయని చెప్పేవాళ్ళ మాట నమ్మితే చివరికి జైలు పాలు కావాలి.

బలమెంత? లెక్క చూద్దాం

బతికున్న పురుగులు వంద గ్రాములు తీసుకుంటే అందులో సుమారు 60 గ్రాములు నీరే. మాంసకృత్తులు సుమారు 20 గ్రాములు, కొవ్వు 13 గ్రాములు దాకా ఉంటాయి. ఎండబెడితే నీరు పోయి మాంసకృత్తులు సగం దాకా కనబడతాయి. అమ్మేవాళ్ళు యాభై శాతం అని చెప్పేది ఈ ఎండు లెక్క. పచ్చి పురుగు పెట్టే మనకు ఇరవై శాతమే లెక్క.

కిలో పురుగు తయారు కావడానికి రెండు కిలోలకు పైగా మేత పడుతుంది. తవుడులో వందకు పన్నెండు, పదమూడు పాళ్ళు మాంసకృత్తులు ఉంటాయనుకుంటే, రెండుంపావు కిలోల తవుడులో 280 గ్రాములు ఉన్నట్టు. కిలో పురుగులో మనకు తిరిగి వచ్చేది 200 గ్రాములు. అంటే పురుగు ఏమీ సృష్టించదు, కొంత తానే తింటుంది కూడా. మరి లాభమేమిటి? తవుడులో పొట్టుతో కలిసి పలచగా ఉన్న బలాన్ని అది చిన్న పొట్టలో పట్టేంత చిక్కగా చేసి ఇస్తుంది. కోడిపిల్ల గంపెడు తవుడు తినలేదు, పది పురుగులు మాత్రం చిటికెలో మింగుతుంది. పైగా మాంసాహారపు మాంసకృత్తులు పిల్ల ఒంటికి బాగా పడతాయి.

ఇంకో లెక్క చూడండి. మూడు వారాల పిల్ల రోజుకు 20 గ్రాముల మేత తింటుందనుకుందాం. పిల్లల దాణాలో మాంసకృత్తులు వందకు ఇరవై పాళ్ళు ఉండాలి. అంటే రోజుకు 4 గ్రాములు కావాలి. ఒట్టి నూకలే పెడితే దక్కేది ఒకటిన్నర గ్రాము. రెండు గ్రాముల పురుగులు వేస్తే మరో 0.4 గ్రాము కలుస్తుంది. ఇంకా రెండు గ్రాముల లోటు ఉండనే ఉంది. అది పెరట్లో ఏరుకునే పురుగూ పుట్రా, బూజు లేని వేరుశనగ చెక్క, ఉప్పు లేని ఎండుచేపల పొడితో పూడాలి. పురుగు ఒక్కటే పెడితే దాణా అక్కర్లేదని ఎవరైనా చెబితే ఈ లెక్క చూపించండి.

తొట్టి ఏర్పాటు

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, కనీసం అరడుగు లోతు ఉన్న నున్నటి ప్లాస్టిక్ తొట్లు మూడు. గోడలు నున్నగా ఉంటే పురుగు గాని పెంకు పురుగు గాని పైకి పాకలేదు. గరుకు గోడల చెక్కపెట్టె, అట్టపెట్టె పనికిరావు. వాటిని కొరికి కన్నం చేసుకుని పోతుంది. పైన మూతగా సన్నని ఇనుప వల బిగించాలి. గట్టి మూత పెడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. అసలు మూత లేకపోతే ఇంటి బల్లులు, ఎలుకలు, బొద్దింకలు రాత్రికి రాత్రే ఊడ్చేస్తాయి. విదేశాల్లో బల్లికోసం పురుగును పెంచుతుంటే మనం బల్లి నుంచి పురుగును కాపాడుకోవాలి.

చీమల బెడద మరీ ఎక్కువ. తొట్లను బల్ల మీద పెట్టి, బల్ల కాళ్ళ కింద నీళ్ళు పోసిన చిప్పలు ఉంచండి. నీళ్ళు ఎండిపోకుండా చూసుకోవాలి. తొట్లున్న గదిలో దోమల చక్రాలు వెలిగించడం, పురుగుమందు కొట్టడం, మందు డబ్బాలు నిల్వ ఉంచడం పనికిరాదు. ఇవీ పురుగులే, మందు వాసనకు ఇవీ పోతాయి.

తవుడు ఎలాంటిది వాడాలి?

మిల్లు నుంచి తెచ్చిన పచ్చి తవుడులో నూనె ఉంటుంది. నాలుగు రోజులు ఉంటే ముక్క వాసన వస్తుంది. అలాంటి తవుడులో పురుగు సరిగ్గా పెరగదు. తాజా తవుడు కొద్దికొద్దిగా తెచ్చుకోవాలి. లేదా చేపల చెరువులకు వాడే నూనె తీసిన తవుడు తీసుకోవచ్చు. సగం గోధుమ పొట్టు కలిపితే మరీ మంచిది. ఏదైనా ఒక పూట ఎండలో పలచగా ఆరబోసి, చల్లారాక జల్లెడ పట్టి తొట్టిలో రెండంగుళాల మందాన పోయాలి.

నిల్వ ధాన్యానికి మందు బిళ్ళలు పెట్టిన గోదాము తవుడు వాడరాదు. బూజు పట్టిన తవుడు అసలే వాడరాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు ధాన్యం ఎంత తడిసిందో మీకు చెప్పనక్కర్లేదు. అలా తడిసి రంగు మారిన ధాన్యపు నూక, తవుడు పురుగులకు పోస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. బూజు విషం పురుగును చంపకపోయినా కోడికి చేటు చేయవచ్చు. కోడికి పెట్టకూడనిది పురుగుకూ పెట్టరాదు. మాంసం, చేపల వ్యర్థాలు, కోళ్ళ ఎరువు కూడా ఇంతే.

తొట్టిలో నీళ్ళు పోయకూడదు. తడి కోసం కేరట్, బంగాళదుంప, చిలగడదుంప, గుమ్మడి ముక్కలు పలచగా కోసి తవుడు పైన ఉంచాలి. పురుగులు పైకి వచ్చి తిని వెళ్తాయి. రోజు విడిచి రోజు ముక్క మార్చండి. మెత్తబడిన ముక్క, బూజు ముక్క వెంటనే తీసేయాలి. మందు కొట్టిన కూరగాయలైతే కడిగి, చెక్కు తీసి వేయండి. కోళ్ళకు పెట్టబోయే పురుగులకు చివరి రెండు రోజులు మునగాకు వేస్తే, ఆకులోని కాల్షియం కొంత పురుగు పొట్టలోనే కోడికి చేరుతుంది.

మూడు తొట్ల పద్ధతి

పెంపుడు పక్షులు, అక్వేరియం చేపలు అమ్మే దుకాణాల్లోగాని, ఇప్పటికే పెంచేవాళ్ళ దగ్గరగాని వంద గ్రాముల పురుగులు తెచ్చుకుంటే చాలు. పెద్దవైతే సుమారు వెయ్యి పురుగులు తూగుతాయి. ఎండబెట్టి ప్యాకెట్లలో అమ్మేవి పెంపకానికి పనికిరావు, బతికినవే తీసుకోవాలి.

మొదటి తొట్టిలో వీటిని వదలండి. రెండు నుంచి నాలుగు వారాల్లో ఒక్కొక్కటే తెల్లని ప్యూపాగా మారుతుంటాయి. రెండు రోజులకొకసారి ప్యూపాలను చెంచాతో ఏరి, పలచగా తవుడు చల్లిన చిన్న డబ్బాలో వేయాలి. లేకపోతే కదలలేని ప్యూపాలను మిగతా పురుగులు కొరికేస్తాయి. నల్లబడి మెత్తబడిన ప్యూపాలను పారేయండి.

ప్యూపాలు పెంకు పురుగులు కాగానే రెండో తొట్టిలోకి మార్చండి. ఇది గుడ్ల తొట్టి. తాజా తవుడు, ఒక దుంప ముక్క, దాక్కోవడానికి ఒక అట్టముక్క చాలు. పదిహేను రోజులకొకసారి పెంకు పురుగులను ఏరి కొత్త తవుడున్న మరో తొట్టిలోకి మార్చాలి. పాత తవుడును పారేయవద్దు, గుడ్లున్నవి అందులోనే. పెంకు పురుగులను అక్కడే వదిలేస్తే తమ గుడ్లను తామే తినేస్తాయి. పెంకు పురుగులు తీసిన తొట్టిని కదపకుండా పక్కన ఉంచితే రెండు మూడు వారాలకు తవుడు పైపొర సన్నగా కదులుతున్నట్టు కనబడుతుంది. అవే మీ పిల్లలు. అక్కడి నుంచి అది మూడో తొట్టి, అంటే పెంపకం తొట్టి.

పురుగులు తింటూ పోతే తవుడు సన్నని ఇసుకలా మారుతుంది. అది పురుగుల పెంట. నెలకొకసారి సన్న జల్లెడతో జల్లించి పురుగులను కొత్త తవుడులో వేయండి. కిందికి దిగిన పెంట బెండ, వంగ పాదులకు మంచి ఎరువు. అయితే అందులో గుడ్లు, సన్న పిల్లలు మిగిలే వీలుంది గనుక నల్లప్లాస్టిక్ సంచిలో మూతికట్టి రెండు రోజులు మంచి ఎండలో ఉంచి తరువాతే వాడాలి.

తెచ్చిన రోజు నుంచి మొదటి పంట చేతికి రావడానికి నాలుగున్నర, అయిదు నెలలు పడుతుంది. నెలలో తయారవుతుందనే మాట నిజం కాదు.

రోహిణి ఎండ గండం

ఈ పురుగుకు 25 నుంచి 28 డిగ్రీల వేడి బాగా నచ్చుతుంది. 35 దాటితే మేత తగ్గిస్తుంది, 40 దగ్గరకు వస్తే చచ్చిపోతుంది. నా మొదటి తొట్టి అలాగే పోయింది. వసారా మీద సిమెంటు రేకులు, దాని కింద తొట్టి. ఏప్రిల్ దాకా బాగానే ఉంది. మే నెలలో ఒక మధ్యాహ్నం ఊరెళ్ళి వచ్చి చూసేసరికి తవుడు పైన పురుగులన్నీ నల్లగా నిటారుగా పడి ఉన్నాయి. అయిదు నెలల పని ఒక్క పూటలో పోయింది. తప్పు పురుగుది కాదు, రేకుల కింద పెట్టిన నాది.

కాబట్టి మన వైపు పని దసరాకు మొదలుపెట్టడం మంచిది. వానల చెమ్మ తగ్గుతుంది, చలికాలం కలిసివస్తుంది, మాఘ ఫాల్గుణాల్లో పురుగు చేతికి వస్తుంది. ఎండలు ముదిరేలోపు ఎక్కువ భాగం కోళ్ళకు పెట్టేసి, విత్తనంగా ఒక్క చిన్న తొట్టి మిగుల్చుకోండి. దాన్ని తాటాకు ఇంట్లోనో, మట్టి గోడల గదిలోనో నేలకు దగ్గరగా ఉంచండి. చుట్టూ తడి గోనెపట్టా కట్టవచ్చు గాని ఆ తడి తవుడుకు తగలకూడదు. పురుగులు పలచగా ఉండాలి. ఒకదాని మీద ఒకటిగా కిక్కిరిస్తే వాటి ఒంటి వేడికే తొట్టి కాగిపోతుంది.

గాదె దగ్గరికి రానీయకండి

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. కోడికి మేత అయ్యే ఈ పురుగు మన గింజకు శత్రువు. వడ్లు, బియ్యం, అపరాలు, పిండి నిల్వ ఉన్న గదిలో దీన్ని పెంచరాదు. పురి, గాదె ఉన్న పాక వద్దు. బియ్యపు డబ్బా పక్కన అల్మరా వద్దు. వీలుంటే వంటిల్లు, ధాన్యం గది ఒక వైపు, తొట్లు మరో వైపు ఉండాలి. తొట్టిలో వాడిన జల్లెడ, చేట మళ్ళీ వంటింటికి రాకూడదు.

కింద పడిన పెంకు పురుగును చూసీచూడనట్టు వదలకండి, ఏరి కోడికి వేయండి. పెంపకం మానేయదలిస్తే తొట్టిని పెరట్లోనో కాలవగట్టునో కుమ్మరించవద్దు. ఉన్న పురుగులన్నీ కోళ్ళకు పెట్టి, మిగిలిన తవుడు మీద సలసల కాగే నీళ్ళు పోసి పాతరేయండి. పది పిల్లల కోసం పది బస్తాల వడ్లు పాడుచేసుకోవడం తెలివి కాదు గదా.

కోళ్ళకు పెట్టే తీరు

మొదటి వారం పిల్లలకు మెత్తని దాణానే ఇవ్వండి. రెండో వారం నుంచి సన్న పురుగులు పిల్లకు నాలుగైదు చొప్పున మొదలుపెట్టి, నెల దాటాక పిల్లకు రెండు గ్రాముల దాకా పెంచవచ్చు. పది పిల్లలకు రెండు నెలలు పెడితే మొత్తం కిలో లోపు పురుగులు సరిపోతాయి. అంటే రెండు కిలోల పైచిలుకు తవుడు, ఒక తొట్టి. మొదట్లో ఒక తొట్టి, ఒక పొదుగు అన్నది ఈ లెక్కతోనే.

పెద్ద కోడికి రోజు మేతలో పదో వంతుకు, అంటే పది పన్నెండు గ్రాములకు మించి పెట్టరాదు. కొవ్వు ఎక్కువైతే గుడ్లు తగ్గుతాయి. పది పెద్ద కోళ్ళకు రోజూ పెట్టాలంటే నెలకు మూడు కిలోలు కావాలి. అది చిన్న తొట్టితో అయ్యే పని కాదు. అందుకే పిల్లలకు, ఈకలు రాల్చే కోళ్ళకు, పొదిగి లేచి చిక్కిన తల్లికోడికి మాత్రమే దాచుకోవాలి. నాటు కోడి అయినా, అసీల్ అయినా, వనరాజా, గ్రామప్రియ వంటివైనా పద్ధతి ఒక్కటే.

గుడ్లు పెట్టే కోళ్ళకు కాల్షియం వేరే గిన్నెలో ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. సూర్యలంక, నిజాంపట్నం తీరాన ఆల్చిప్పలకు కొదవ లేదు. ఉప్పు పోయేలా రెండు మూడు నీళ్ళలో కడిగి, ఎండబెట్టి, బియ్యపు నూకంత దంచి పెడితే చాలు. కావలసిన కోడి కావలసినంత తింటుంది. దీన్ని చిన్న పిల్లలకు పెట్టవద్దు, వాటికి అంత కాల్షియం చేటు.

చచ్చి నల్లబడిన పురుగులు, బూజు వాసన వచ్చే తొట్టి పురుగులు పెట్టరాదు. పురుగు మేత మందు కాదు. కొక్కెర తెగులు టీకా, నట్టల మందు పశువైద్యశాలలో అడిగి వేళకు వేయించాల్సిందే.

కొనేవాళ్ళున్నారా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో మేతకూ ఆహారానికీ పురుగుల గురించి ఒక పెద్ద నివేదిక వెలువరించింది. యూరప్ దేశాల్లో 2017లో చేపల మేతలో, 2021లో కోళ్ళ, పందుల మేతలో పురుగుల పొడి వాడటానికి అనుమతి ఇచ్చారు. ఎండబెట్టిన మీల్‌వార్మ్‌ను మనుషుల ఆహారంగా అమ్మడానికి కూడా 2021లోనే అక్కడ అనుమతి వచ్చింది. ఈ వార్తలు చూపించి మన ఊళ్ళలో పెట్టుబడి అడిగేవాళ్ళు వస్తున్నారు.

నా దగ్గరికీ ఒకాయన వచ్చాడు. విత్తనం పురుగులు, తొట్లు తామే ఇస్తామని, పండిన పురుగు మొత్తం తామే కొంటామని, ముందు కొంత సొమ్ము కట్టాలని చెప్పాడు. మీరు కొన్నది ఎవరికి అమ్ముతారు అని అడిగాను. కొత్తగా చేరే రైతులకు విత్తనంగా ఇస్తామన్నాడు. అక్కడే అర్థమైపోయింది. రైతుకు అమ్మి, రైతు దగ్గర కొని, మళ్ళీ రైతుకే అమ్మే వ్యాపారం కొత్త రైతు దొరికినన్నాళ్ళే నడుస్తుంది. ఈము పక్షుల సంగతి మరిచిపోలేదు గదా. 2012 నాటికి ఆ బుడగ పగిలి, కొనేవాళ్ళు లేక, మేపలేక ఎంతమంది రైతులు నష్టపోయారో అందరూ చూశారు.

మీల్‌వార్మ్ కొనేవాళ్ళు అసలు లేరని కాదు. పెంపుడు పక్షులు, అక్వేరియం చేపలు పెంచేవాళ్ళు, ఆ దుకాణాలవాళ్ళు కొద్దికొద్దిగా కొంటారు. కొనే దుకాణం ఎక్కడుందో, వారానికి ఎంత తీసుకుంటారో, ఎప్పుడు డబ్బిస్తారో తేల్చుకున్నాకే రెండో తొట్టి పెట్టండి. ముందు మీ కోళ్ళే మీకు ఖాతాదారులు. అప్పు తెచ్చి మాత్రం ఈ పని చేయవద్దు.

రైతులు అడిగే ప్రశ్నలు

*తొట్టిలో తవుడు మీద బూడిద చల్లినట్టు సన్నగా కదులుతోంది, పిల్లలేనా?*
పిల్లలైతే సన్న దారపు ముక్కల్లా ఉంటాయి. గోడల మీదికి కూడా పాకే బూడిదలాంటివి నల్లులు. తడి ఎక్కువైతే వస్తాయి. దుంప ముక్కలు తీసేసి, పురుగులను జల్లించి, బాగా ఎండిన తవుడులోకి మార్చండి. పాత తవుడును కాగే నీళ్ళతో నాశనం చేయండి.

*వేపాకు వేస్తే బూజు రాదంటారు, వేయవచ్చా?*
వద్దు. ధాన్యంలో వేపాకు వేసేది పురుగు పెరగకుండా ఉండటానికే. ఇక్కడ పెరగాల్సింది పురుగే.

*పిల్లలు, ముసలివాళ్ళు ఈ పని చేయవచ్చా?*
చేయవచ్చు, బరువు పని కాదు. కాని జల్లించేటప్పుడు లేచే దుమ్ము కొందరికి పడదు. తుమ్ములు, దురద, ఆయాసం వస్తాయి. రొయ్య తింటే దద్దుర్లు వచ్చేవాళ్ళకు ఈ పురుగు కూడా పడకపోవచ్చు. అలాంటివాళ్ళు, ఉబ్బసం ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి. మిగతావాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

*రేపల్లె వైపు ఒక అక్క అడిగింది: "ఇంత తతంగం ఎందుకయ్యా, చెదల కుండ పెట్టుకుంటే పోలా?"*
పోతుంది. చెదలు దొరికే పెరడు ఉంటే అంతకంటే చవక మేత లేదు. కాని వానాకాలంలో పిల్లల్ని గంప కింద కమ్మి ఉంచినప్పుడు, గద్ద భయానికి బయటికి వదలలేనప్పుడు చేతిలో గుప్పెడు పురుగులు ఉంటే ఆ నెల గట్టెక్కుతుంది. ఆ నెల గట్టెక్కిన పిల్లే రేపు గుడ్డు పెడుతుంది.

తొట్టి మొదలుపెట్టిన రోజు ఒక పుస్తకంలో తేదీ రాసుకోండి. ఎంత తవుడు పోశారో, ఎన్ని పురుగులు తీశారో, పది పిల్లల్లో ఎన్ని నిలిచాయో రాయండి. పక్కింటి పొదుగులో ఎన్ని నిలిచాయో కూడా అడిగి రాయండి. వచ్చే దసరాకు రెండో తొట్టి పెట్టాలో వద్దో ఆ పుస్తకమే చెబుతుంది.